తీసేసిన ఆరు గంటలు

ముందే చెప్పేస్తాను. కళ్యాణదుర్గం వైపు ఒక ఊళ్లో ఒక ఏడాది సగం చేలు విత్తకముందే ఆరిపోవడానికి కారణం మా ఆఫీసు టైపిస్టు కాదు. నేను. ఇన్నేళ్లుగా ఆ తప్పు ఆయన పేరు మీదే నడుస్తోంది. నడవనిచ్చింది కూడా నేనే.

రెండువేల ఆరో, ఏడో సంవత్సరం. బెంగళూరులో రెండేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను. కంపెనీ మనుషుల్ని తగ్గించుకున్నప్పుడు ఆ తగ్గినవాళ్లలో నేనూ ఉన్నాను. అనంతపురం తిరిగొచ్చి, బుక్కరాయసముద్రం పోయే దారిలో ఒక అద్దె ఇంట్లో నడిచే చిన్న స్వచ్ఛంద సంస్థలో చేరాను. ఆ సంస్థకు ఆరు ట్రాక్టర్లు, వాటికి తగిలించే విత్తే గొర్లు ఉండేవి. మా ఎర్రనేలల్లో వాన పడ్డాక పదును, అంటే విత్తనానికి కావలసిన తడి, మూడు నాలుగు రోజులకు మించి నిలవదు. ఆ లోపలే వేరుశనగ విత్తనం భూమిలో పడాలి. అందుకని ఏ ఊళ్లో ముందు వాన పడితే ఆ ఊరికి ముందు ట్రాక్టరు పంపేవాళ్లు. ఊళ్ల నుంచి ఫోన్లు వస్తాయి, ఇన్ని గంటలకు వాన, ఇన్ని మిల్లీమీటర్లు అని. వాటిని టైపు చేస్తే ఒక ప్రోగ్రాము వంతుల జాబితా తయారుచేసి వెబ్ పేజీలో పెడుతుంది. కళ్యాణదుర్గంలోనూ గోరంట్లలోనూ ఉన్న మా చిన్న ఆఫీసులు ఆ పేజీ తెరిచి చూసి ట్రాక్టర్లను కదిలిస్తాయి.

ఆ ప్రోగ్రామును రాసింది టైపిస్టు. అప్పటికి ఆయనకు యాభై దగ్గర పడుతున్నాయి. తొంభైల చివర్లో సంస్థకు ఎవరో ఒక పాత కంప్యూటరు దానం చేస్తే, టైపు వచ్చినవాడు కదా అని దాన్ని ఆయన బల్ల మీద పెట్టారట. ఆ రోజుల్లోనే వచ్చిన ఒక విదేశీ అతిథి పైథాన్ అనే కంప్యూటరు భాష గురించిన పుస్తకాన్ని ఇక్కడ మర్చిపోయి వెళ్లాడు. ఈయన నిఘంటువు పక్కన పెట్టుకొని ఒక వేసవంతా దాన్ని చదివాడు. పైథాన్‌లో ప్రతి వరసకూ ఎడమ పక్క ఎంత ఖాళీ వదలాలో ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్క తప్పితే ప్రోగ్రాము కదలదు. ఇంజనీరింగ్ చదివినవాళ్లు విసుక్కునే ఆ సంగతే ఆయనకు మహా నచ్చింది.

"ఇది టైపిస్టుల కోసరం చేసిన భాషప్పా. మార్జిన్ సరిగా పెట్టనోనికి దీంట్లో పని జరగదు" అనేవాడు.

నేను చేరిన రెండో నెలలో, మా పేజీ ఉండే సర్వరు వాళ్లు పాత పైథాన్ తీసేసి కొత్తది పెడుతున్నామని కబురు పంపారు. డైరెక్టరు నన్ను పిలిచి, "ఎటూ మార్చాలి కదా, మొత్తం శుభ్రం చేసి ఆధునికంగా తయారుచెయ్యి" అన్నాడు. ఆధునికం అనే మాట అప్పట్లో నాకు చాలా ఇష్టం.

ప్రోగ్రామును తెరిచి చూశాను. అంతా ఒకే ఫైలు. నాలుగు వేల పైచిలుకు వరసలు. మొట్టమొదటి వరసలో శ్రీ. అక్కడితో ఆగితే సరే, ప్రతి చిన్న భాగం మొదట్లోనూ ఒక శ్రీ. పెళ్లి పత్రికలు గుట్టగా పోసినట్టు ఉంది. లోపల పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. వాన. వాన రెండు. వాన కొత్త. వాన కొత్త నిజం.

"అన్నా, ఈ వాన నిజం అంటే ఏమిటి?" అని అడిగాను.

"నిజమైన వాన."

"మరి వాన రెండు?"

"అది జల్లు. పైన తడుస్తాది, కింద తడవదు. దాన్ని వానంటారా ఎవరన్నా?"

"ఇక్కడ వాన అనే రాశారు కదా."

"అందుకే రెండు అని పెట్టినా."

ప్రోగ్రాము ఎక్కడైనా చెడిపోతే పేజీ మీద పెద్ద అక్షరాలతో "పోయింది. మళ్ళీ కొట్టు" అని వచ్చేది. ముందుగా నడుస్తున్న పేజీలోనే నేను దాన్ని తీసేసి ఇంగ్లీషులో నాలుగు వరసల మర్యాదైన సందేశం పెట్టాను. మరుసటి రోజే కళ్యాణదుర్గం ఆఫీసు నుంచి ఫోను. "అన్నా, కంప్యూటరు ఇంగ్లీషులో తిడతాండాది. మేమేం చేసినామప్పా?" మళ్ళీ కొట్టమని అంటోందని చెప్పాను. "ఆ మాట చెప్పేదానికి అంత పొడుగా?" అన్నాడు అవతలివాడు.

ఇక వ్యాఖ్యలు. ప్రోగ్రాము మధ్యలో, చదివేవాళ్ల కోసం, కంప్యూటరు పట్టించుకోని మాటలు రాసుకోవచ్చు. ఆయన రెండు వరసలకొకటి రాశాడు, పక్కన కూర్చున్నవాడితో మాట్లాడుతున్నట్టు. "ఈడ జాగ్రత్త." "ఇది ముందు నాకూ అర్థం కాలేదు." "దీన్ని ముట్టుకున్నోడు నన్నడిగి ముట్టుకోవాల." ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు చదవడం నాకు చిరాకు. పది వరసల చిన్న ప్రోగ్రాము ఒకటి రాసి, ఆ ఫైలులోని వ్యాఖ్యలన్నింటినీ ఒక్క దెబ్బకు తుడిచేశాను. మాసిన గోడకు సున్నం కొట్టినట్టు ఎంత తెల్లగా కనిపించిందో! చదివి తుడవాలన్న ఆలోచనే రాలేదు. అప్పటికి నాకు ఇరవయ్యేడేళ్లు. బెంగళూరు చూసొచ్చినవాణ్ణి.

వ్యాఖ్యలు పోయాక మిగిలినదాన్ని ముక్కలు చేసి, పేర్లు మార్చి, వరసలు సర్దుతూ పోయాను. వాన తారీకు లెక్కగట్టే చోటికి వచ్చేసరికి నవ్వు ఆగలేదు. వాన పడిన సమయంలోంచి ఆయన ఆరు గంటలు తీసేస్తున్నాడు. తీసేశాక వచ్చిన తారీకునే వాన తారీకుగా రాసుకుంటున్నాడు. నాకు వెంటనే అర్థమైపోయింది, లేదా అయిందనుకున్నాను. మా సర్వరు విదేశంలో ఉంది, దాని గడియారం అంతర్జాతీయ ప్రామాణిక టైము చూపిస్తుంది. దాన్ని మన టైముకు మార్చాలంటే అయిదున్నర గంటలు కలపాలి. ఈయన కలపాల్సింది తీసేశాడు, అందులోనూ అరగంట ఎక్కువ తీసేశాడు. పాపం టైపిస్టు, ఏం చేస్తాడు అనుకున్నాను. ఆ వరస కొట్టేసి, లోకమంతా వాడే పద్ధతిలో టైము లెక్క పెట్టాను. వంతులు తారీకును బట్టే కాబట్టి, ఒకే తారీకున రెండు ఊళ్లలో వాన పడితే ఏ ఊరు ముందు అనే ప్రశ్న మిగిలింది. చూడ్డానికి చక్కగా ఉంటుందని ఇంగ్లీషు అక్షరాల వరస పెట్టాను.

అసలు సంగతేమిటంటే, వాన సమయం ఊరివాళ్లు ఫోనులో చెప్పేది. సర్వరు గడియారానికి దానితో ఏ సంబంధమూ లేదు. ఒక్క నిమిషం ఆగి ఆలోచిస్తే తెలిసేది.

కొత్త ప్రోగ్రాము ఎక్కించే ముందు రోజు టైపిస్టు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఏమప్పా, తారీకు కాడ ఆరు గంటలు ఉండాయి కదా?"

నేను తెర మీంచి తల తిప్పలేదు. "అన్నీ సరిచేశానన్నా."

"ఆడ సరిచేసేదేముండాది?"

ఇంతలో ఆయన బల్ల మీద ఫోను మోగింది. వెళ్లిపోయాడు. ఫోను అయిపోయాక మళ్లీ నా వైపు చూశాడు. నేను చెవుల్లో పాటల తీగలు పెట్టుకున్నాను.

ఆ ఏడాది మంచి వాన ఆలస్యంగా పడింది. కళ్యాణదుర్గం వైపు ఒక ఊళ్లో తెల్లవారక ముందు నాలుగింటికి పడింది. అదే రోజు పగలు పదింటికి మరో ఎనిమిది ఊళ్లలో పడింది. పాత ప్రోగ్రాము అయితే మొదటి ఊరికి ముందు రోజు తారీకు వేసి, అందరికన్నా ముందు నిలబెట్టేది. నా ప్రోగ్రాము తొమ్మిది ఊళ్లకూ ఒకే తారీకు వేసి, అక్షరాల వరసలో పేర్చింది. ఆ ఊరి పేరు ఇంగ్లీషులో వై అక్షరంతో మొదలవుతుంది. తొమ్మిదోది అయింది.

వాన పడిన నాలుగో రోజు ఆ ఊరి నుంచి ఆరుగురు బస్సెక్కి ఆఫీసుకు వచ్చారు. ముందు నడిచింది నలభై అయిదేళ్ల రైతామె. నా కీబోర్డు పక్కన తువ్వాలు మూట పెట్టి విప్పింది. లోపల ఎర్రమట్టి గడ్డ.

"పట్టుకో" అంది.

పట్టుకున్నాను.

"పిసుకు."

పిసికాను. పొడి అయి కీబోర్డు మీద రాలింది.

"దీంట్లో యాడన్నా పదునుండాదా?"

"లేదమ్మా."

"మొన్న ఇది ముద్దయితాన్నింది. మాకు ముందు పడె. మాకు వెనక పడినోళ్ల చేన్లలో ట్రాక్టరు తిరగతాండాది. ఇదేం న్యాయమప్పా?"

జాబితా తెరిచి చూపించాను. "మీదీ వాళ్లదీ ఒకటే తారీకమ్మా. తారీకు ఒకటైతే ఇంగ్లీషు అక్షరాల వరసలో వస్తుంది. మీ ఊరు వైతో మొదలవుతుంది కాబట్టి చివర్లో..."

ఆమె వెనక ఉన్న ఒక ముసలాయన ముందుకు వచ్చాడు. "అంటే ఊరి పేరు మార్చుకోని రావాల్నా సామీ? ఏ అక్షరంతో పెట్టమంటావో నువ్వే చెప్పు. బోర్డుకు పెయింటు మేమే ఏసుకుంటాం."

ఎవరో నవ్వారు. రైతామె నవ్వలేదు. "వాని పేరు ఏ అక్షరమో అడగండి ముందు. అన్నానికి వాణ్ణి కడాకు కూచోబెడితే తెలుస్తాది" అంది.

గొడవ విని డైరెక్టరు బయటికి వచ్చాడు. ట్రాక్టరు రేపే పంపిస్తామని వాళ్లకు చెప్పి, మా ఇద్దరినీ తన గదిలోకి పిలిచాడు. తప్పెక్కడ జరిగిందని అడిగాడు. తప్పెక్కడో నిజంగా నాకు తెలియదు. తెలియదని చెప్పి ఉంటే సరిపోయేది. కానీ శుభ్రం చేయమని నన్ను పెట్టుకున్నారు. శుభ్రం చేసినవాడికి తెలియదంటే ఎలా?

"పాత కోడులో టైము లెక్క తప్పుంది సార్. ఆరు గంటలు తీసేసి ఉన్నాడు. నేను సరిచేస్తుంటే దాని దోషం ఇప్పుడు బయటపడింది" అన్నాను.

ఇందులో మొదటి ముక్క అజ్ఞానం, చివరి ముక్క అబద్ధం. డైరెక్టరు టైపిస్టు వైపు తిరిగాడు. టైపిస్టు నా వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"చూడాల సార్" అన్నాడు చివరికి.

"ఇంక నువ్వు చూడొద్దు. రేపటి నుంచి స్టోరు చూసుకో" అన్నాడు డైరెక్టరు.

ఆయన తన కళ్లజోడు, రోజూ సాయంత్రం కంప్యూటరు మీద కప్పే గుడ్డ తీసుకొని వెనకనున్న స్టోరు గదికి వెళ్లిపోయాడు. గుడ్డ తన సొంతమట. ట్రాక్టరు ఆ ఊరికి మర్నాడు పోయింది. అప్పటికి సగం చేలల్లో పదును లేదు. తర్వాతి వాన పదిహేను రోజులకు గానీ రాలేదు. అంత ఆలస్యంగా విత్తిన వేరుశనగ ఎంత పండుతుందో సీమలో ఎవరికీ చెప్పనక్కరలేదు.

టైపిస్టు పోయాక ఫోన్లు నా నెత్తిన పడ్డాయి. వారం తిరక్కముందే ఒక పొద్దున ఒక ఊరి నుంచి ఫోను వచ్చింది.

"వాన పడిందప్పా. మూడు గంటలప్పుడు."

"ఏ రోజు?"

"నిన్న."

"నిన్న పగలు మూడింటికా?"

"పగలు యాడుండాది? తెల్లారేదానికి ముందు మూడింటికి."

"అంటే ఈ రోజు కదా."

"నిన్నటి వానప్పా!"

"తెల్లవారుజామున మూడు అంటే ఈ రోజు తారీకే కదన్నా."

 అవతలివాడు ఎంతో ఓపికగా, పసిపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "సామీ, పొద్దు పుట్టకముందు పడిన వాన నిన్నటిదే. పొద్దు పుట్టినాక పడింది ఈపొద్దుటిది. మీ ఆఫీసులో అందరికీ తెలిసినట్టే ఉన్నింది కదా ఇన్ని దినాలూ. ఏమైంది మీకు?"

నేను ఈ జిల్లాలోనే పుట్టాను. మా నాయన కూడా రాత్రి వానను నిన్నటి వాననే అనేవాడు. నేనూ అనేవాణ్ణి. కంప్యూటరు ముందు కూర్చోగానే నాకు కొత్త రోజు అర్ధరాత్రికే మొదలైపోయింది.

టైపిస్టుకు ఒక అలవాటుండేది. ప్రోగ్రాము మార్చినప్పుడల్లా దాన్ని కాగితాల మీద అచ్చు తీసి, రిజిస్టరులా కుట్టి బీరువాలో పెట్టేవాడు. మేము దాన్ని చూసి నవ్వుకునేవాళ్లం. ఆ రోజు బీరువా తెరిచి చివరి కట్ట తీశాను. తారీకు లెక్క దగ్గర, నేను చదవకుండా తుడిచేసిన వ్యాఖ్య అచ్చులో ఉంది. "పొద్దు పుట్టేవరకు నిన్నటి లెక్కే. అందుకు ఆరు గంటలు తీసేది. అన్ని ఊర్లలో అడిగి పెట్టినాను."

అన్ని ఊర్లలో అడిగి.

ఆ మధ్యాహ్నమే ఆరు గంటలను తిరిగి పెట్టేశాను, చప్పుడు చేయకుండా. డైరెక్టరు గది తలుపు తెరిచే ఉంది. పది అడుగుల దూరం. రెండుసార్లు లేచాను. రెండోసారి గుమ్మం దాకా పోయి, ఏమిటని ఆయన అడిగితే, ప్రింటరు కాగితం అయిపోయిందని చెప్పాను. ఒక రీము ఇచ్చాడు.

ఆ ఏడాది వార్షిక నివేదికలో నా పని గురించి ఒక పేరా రాసివ్వమన్నారు. "వాన తారీకు నిర్ణయంలో పూర్వం ఉన్న లోపాన్ని గుర్తించి శాస్త్రీయంగా సరిదిద్దడమైనది" అని రాశాను.  నివేదికను టైపు చేసింది ఎవరంటే, స్టోరులోంచి రెండు రోజులు పిలిపించిన టైపిస్టే. నా పేరా ఒక్క అక్షరం పోకుండా కొట్టి, మార్జిన్లు సరిచూసి, సంతకానికి పంపాడు.

తర్వాత నేను మళ్లీ బెంగళూరు పోయాను. సంస్థ కొన్నాళ్లకు మూతపడింది. నేను పెద్ద ఉద్యోగాల్లోకి ఎక్కి, పాత కోడును ఎలా శుభ్రం చేయాలో కొత్తవాళ్లకు పాఠాలు చెప్పే స్థితికి వచ్చాను. ఆ పాఠాల్లో ఒక హాస్య కథ ఉండేది. అనంతపురంలో ఒక టైపిస్టు టైము మార్చబోయి కలపాల్సింది తీసేశాడట, అదీ అరగంట తేడాతో. అందరూ నవ్వేవాళ్లు. ఎన్ని ఏళ్లు చెప్పానో లెక్క లేదు. నిజం తెలిసి కూడా చెప్పాను. రెండేళ్ల కిందట ధర్మవరం వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి నవ్వకుండా చెయ్యెత్తింది.

"సార్, రాత్రి పడిన వాన మా ఊర్లో నిన్నటి లెక్కే. ఆయన కరెక్టుగానే రాసినాడేమో?"

మంచి ప్రశ్న అన్నాను. పాఠాలు చెప్పేవాళ్లకు అది బాగా పనికొచ్చే మాట. ఆ తర్వాత ఆ కథ చెప్పలేదు.

పోయిన ఏడాది సెలవు పెట్టి ముందు ఆ ఊరికి పోయాను. నిజం చెప్పాలంటే టైపిస్టు ముఖం చూసే ధైర్యం లేక, వాళ్లైతే పరాయివాళ్లు కదా అని అటు పోయాను. రైతామె ఇంటి ముందు అరుగు మీద శెనక్కాయలు వొలుస్తోంది. జుట్టు నెరిసింది, గొంతు నెరవలేదు. నేనెవరో చెప్పి, ఆ సంవత్సరం ట్రాక్టరు వంతు తప్పడానికి కారణం నేనని చెప్పాను. చేతిలో కాయను చిట్లించి గింజలు చాటలో వేసింది.

"అదెట్ల? ఆ టైపు కొట్టే ఆయప్ప వచ్చి తప్పు నాదేనని చెప్పిపోయినాడే."

"ఎప్పుడు?"

"ఆ యేడే. బస్సుకు వచ్చి ఇంటింటికీ తిరిగినాడు. ఎండలో. నా లెక్క తప్పింది, మన్నించండి అన్యాడు. మేమేమో మజ్జిగిచ్చి పంపిస్తిమి. ఇప్పుడు నువ్వొచ్చి నాదంటాండావు. ఇంకా ఎవరన్నా ఉండారా? ఉంటే అందర్నీ ఒకేతూరి రమ్మను. దినానికొకరు వస్తే నేను పనెప్పుడు చేసుకోవాల?"

"ఇంకెవరూ లేరమ్మా. తప్పు నాదొక్కడిదే."

"ఆయప్పకు చెప్పినావా ఈ మాట?"

"ఇంకా లేదు."

"మరి ఈడేం చేస్తాండావు?" అంది. "తనది గోరంట్లని చెప్పిపోయినాడు, ఆడే ఉంటాడు. అనంతపురంలో బస్సు మారాల. లెయ్."

లేచాను.

దారి పొడుగునా ఒకటే అనుకున్నాను. ఎంత గొప్ప మనిషి, నా తప్పును తన నెత్తిన వేసుకున్నాడు, నన్ను కాపాడ్డానికి ఊళ్లు తిరిగాడు. ఆ ఆలోచనలో నాకు కొంత హాయి కూడా ఉంది. గోరంట్లలో ఆయన ఇంటి వరండాలో కూర్చొని, ఉన్నదంతా చెప్పి, అదే మాట అన్నాను. "నన్ను కాపాడ్డానికి మీరు..."

"నిన్నెందుకప్పా నేను కాపాడేది?" అన్నాడు ఆయన. "నాదే తప్పనుకున్యా."

నాకు అర్థం కాలేదు.

"నువ్వు రాసిందాన్ని అచ్చు తీసుకోని నాలుగు దినాలు స్టోరులో కూచ్చోని చూసినా. నా పేరొకటీ లేదు, నా మాటొకటీ లేదు. అన్నీ ముక్కలు ముక్కలు. యాడ మొదలో, యాడ కడో తెలీలే. ఇంజనీరు కదా, సరిగానే రాసుంటాడు, ఆ ఆరు గంటలు తీసేదాంట్లో నాదే యాడో తప్పయుంటాది అనుకున్యా. అదే అనుకుంటాండా. ఈపొద్దు నువ్వొచ్చే దాకా."

నేను రాసినదాన్ని అంత శుభ్రంగా రాశాను. దాదాపు పదేళ్లు ఆ పనిని పోషించిన మనిషికి దాంట్లో తన ఆరు గంటలు ఉన్నాయో లేవో కనుక్కోవడం చేతకాలేదు. ఆ రోజు డైరెక్టరు గదిలో ఆయన నన్ను చూసిన చూపు నేరం మోపే చూపు కాదు. అడిగే చూపు. నేను చెబుతానేమోనని చూశాడు.

క్షమించమన్నాను. ఆయన వీధి వైపు తిరిగాడు. కోపం వచ్చింది, కనిపిస్తోంది. రావాలి కూడా.

"నోటి మాట నాకొద్దప్పా" అన్నాడు. "ఆపొద్దు కాగితం మీద పెట్టినావు. నాతోనే టైపు కొట్టిచ్చినావు. ఈపొద్దు కూడా కాగితం మీదనే పెట్టు. ఊరికే పెద్ద పెద్ద మాటలు రాయొద్దు. ఏం జరిగిందో అది రాయి."

రాస్తున్నాను. వాన తారీకు లెక్కలో ఆరు గంటలు తీసేయడం సరైన పని. ఆ వరస రాసింది టైపిస్టు, అన్ని ఊళ్లలో అడిగి రాశాడు. దాన్ని చదవకుండా కొట్టేసింది నేను. ఉందా అని ఆయన అడిగితే చూడకుండా బదులిచ్చింది నేను. తప్పు ఆయనదని చెప్పింది నేను. నివేదికలో ఉన్న ఆ పేరా అబద్ధం.